లేదని చెప్పిన కాగితం

హిందూపురంలోని ఒక ప్రైవేటు కాలేజీలో నేను చాలా ఏళ్ళు చరిత్ర చెప్పాను. తెలుగు మీడియం పిల్లలు. వాళ్ళ పుస్తకంలో అట్లాంటిక్ సముద్రంలోని చెరకు దీవుల గురించి ఒకటిన్నర పేజీ ఉండేది. ఆఫ్రికా నుంచి మనుషుల్ని ఓడల్లో తెచ్చి తోటల్లో బానిసలుగా పెట్టుకోవడం, చక్కెర వ్యాపారం, చివర్లో రద్దు. పరీక్షలో వస్తే ఐదు మార్కులు. నేను మాత్రం ఆ పాఠానికి వారం రోజులు తీసుకునేవాణ్ణి.

దానికి కారణం పుస్తకంలో లేని ఒక సంగతి. ఎం.ఏ. చదివే రోజుల్లో లైబ్రరీలో అది నాకు దొరికింది. ఆ దీవుల్లో మళ్ళీ మళ్ళీ ఒక పుకారు లేచేదట. సముద్రం అవతల ఉన్న రాజు మనల్ని విడిపించాడు, వారంలో మూడు రోజులు మనవే, కాగితం కూడా వచ్చింది, తోటల దొరలే దాచిపెట్టారు అని. ఓడల్లో పనిచేసేవాళ్ళు ఆ మాటను రేవులో దించేవాళ్ళు. అంగట్లో కూరగాయలమ్మే ఆడవాళ్ళు దాన్ని తోట నుంచి తోటకు మోసుకుపోయేవాళ్ళు. చాలాసార్లు అటువంటి కాగితం లేనే లేదు. అయినా ఆ మాట మీదే మనుషులు పనిముట్లు కింద పడేశారు, చెరకు తోటలు తగలబెట్టారు, ఉరికంబం ఎక్కారు. ఈ భాగం చెప్పేటప్పుడు నా గొంతు మారిపోతుందని పిల్లలు అనేవాళ్ళు. నాకూ అది తెలుసు. ఆ మారిన గొంతు నాకు ఇష్టంగా ఉండేది.

తిరుగుబాటంటే కత్తులు మాత్రమే కాదని బోర్డు మీద రాసేవాణ్ణి. పని నెమ్మదిగా చేయడం, పనిముట్లు పోగొట్టడం, చెప్పింది అర్థం కానట్టు నిలబడటం. తొంభైల చివర్లో ఒక రోజు ఇది రాస్తుంటే మడకశిర వైపు నుంచి వచ్చే పిల్లవాడొకడు లేచాడు.

"బానిసంటే మన జీతగాడేనా సార్?"

తరగతి నవ్వింది. వెనక బెంచీ నుంచి ఇంకొకడు అందుకున్నాడు. "మా జీతగాడు గూడా ఇంతే సార్. నెలకొక కొడవలి పోగొడ్తాడు. కొడవలికి తాడు కట్టి వాని మెడకేస్తానంటాడు మా నాయన."

మళ్ళీ నవ్వులు. నేనూ నవ్వాను. తర్వాత లెక్చరరు మాదిరిగా మొహం సర్దుకున్నాను.

"కాదప్పా. బానిసను కొంటారు. జీతగాణ్ణి పెట్టుకుంటారు. మాటలోనే జీతం ఉండాది గదా."

"ఇస్తే గదా సార్!" అన్నాడు మొదటివాడు.

ఈసారి అంత గట్టిగా ఎవరూ నవ్వలేదు. నేను సుద్దముక్క మార్చుకుని తర్వాతి అంశానికి పోయాను.

జీతం అనే మాట పట్నంలో ఒకటి, మా ఊళ్ళలో ఇంకొకటి. పట్నంలో అది నెలాఖరుకు చేతికొచ్చేది. నాకు వచ్చేదీ జీతమే. మా ఊళ్ళలో 'జీతముండటం' అంటే ఉగాది నుంచి ఉగాదికి ఒక ఇంటికి కట్టుబడి ఉండటం. పెళ్ళికో జబ్బుకో ముందు తీసుకున్నది తీరేదాకా ఆ మనిషి వేరేచోట పనికి పోకూడదు. అది తీరడం నేను చూడలేదు. పెనుకొండకు కొద్ది దూరంలోని మా ఊళ్ళో, మా ఇంట్లో కూడా ఒక జీతగాడు ఉండేవాడు. ఆ పిల్లవాడి ప్రశ్నకు నేను జవాబు చెప్పినప్పుడు, నా మనసులో ఉన్నది ఏ దీవీ కాదు. అతనే. అతన్ని కాపాడటానికి కాదు, మమ్మల్ని కాపాడుకోవడానికే ఆ తేడా చెప్పాను.

అతను నాకంటే పదేళ్ళు పెద్ద. అతని పెళ్ళికి మా నాయన ముందుగా ఇచ్చిన సొమ్ము కింద మా దగ్గర ఉండిపోయాడు. మాకు బోరు కింద రెండెకరాల మల్బరీ తోట ఉండేది. ఇంటి వెనక కొట్టంలో పట్టుపురుగులు పెంచి, గూళ్ళు హిందూపురం మార్కెట్టుకు వేసేవాళ్ళం. ఆకు కోయడం, మోయడం, తట్టలు శుభ్రం చేయడం అన్నీ అతని పనే. కరువు పట్టిన ఒక ఏడు అతని భార్య ఆరేళ్ళ కూతుర్ని వెంటబెట్టుకుని ధర్మవరం పోయింది. అక్కడ ఒక నేతయింట్లో దారం కండెలకు చుట్టే పని దొరికింది, వెనక ఒక గది ఇచ్చారు. కొన్నాళ్ళకు ఆమె కబురు పంపింది: ఈ ఇంట్లో ఒక మగ్గం ఖాళీగా ఉండాది, నువ్వొస్తే నేర్పిస్తారంట, బిన్నా రా, ఆలీసెం జేయొద్దు అని.

అతను మా నాయనను అడిగాడు. మా నాయన కాదన్నాడు. అంతే, మాట అక్కడితో ఆగింది. ఆకుమోపు దించుతూ అతను ఒకసారి నాతో అన్నాడు: "చూడు చిన్నసామీ, ఈడ గూడు హిందూపురం పోతాది. ఆడ్నించి దారమై ధర్మవరం పోతాది. పురుగుకుండే దావ గూడా నాకు లేకపాయె."

నేను నవ్వి ఊరుకున్నాను. అతను నవ్విస్తూ మాట్లాడతాడు కాబట్టి అది నవ్వుకోవలసిన మాటే అనుకున్నాను.

ఆ తర్వాత మా ఇంట్లో కొడవళ్ళు పోవడం మొదలైంది. పిలిస్తే అతనికి వినిపించేది కాదు. తెల్లవారి మంచు ఆరకముందే ఆకు కోసి తెచ్చేవాడు. తడి ఆకు తింటే పురుగులకు రోగం వస్తుందని అతనికి మాకంటే బాగా తెలుసు.

"ఏమిరా ఇది, ఆకు పిండితే చెంబు నీళ్ళొస్తాండాయి!" అని మా నాయన అరిచేవాడు.

"మంచు సామీ. నేనేమన్నా పోసుకొస్తినా?"

"పిలిస్తే పలకడు, తిడ్తే మాత్రం జవాబు తెస్తాడు. వీని చెవుల్లో ఏం పడిందో సూడు" అని మా నాయన నాతో అనేవాడు. "పూర్తిగా బద్ధకం పట్టింది నాయనా" అని నేను వంత పాడేవాణ్ణి. బోర్డు మీద నా చేత్తోనే రాసిన మూడు వాక్యాలు నా ఇంట్లో తిరుగుతున్నాయని నాకు తట్టలేదు. తట్టలేదని ఇంతకాలం చెప్పుకుంటూ వచ్చాను. తట్టనివ్వలేదు అనడం సరైన మాట.

మరుసటి ఎండాకాలానికి ముందు మా ఊరికి పరుపులు కుట్టే సాయిబు వచ్చాడు. ఏటా పెళ్ళిళ్ళ కాలానికి ముందు భుజాన దూదేకే విల్లు వేసుకుని ఊరూరూ తిరిగేవాడు. మా వాకిట్లో పాత పరుపు విప్పి దూది ఏకుతుంటే జీతగాడు పక్కన కూర్చుని గింజలు, చెత్త ఏరుతున్నాడు. నేను అరుగు మీద ఆన్సరు పేపర్లు దిద్దుకుంటున్నాను.

"ఓబులదేవరచెరువు తట్టు ఇద్దురు జీతగాళ్ళు ఇండ్లకు పోయినారంటప్పా" అన్నాడు సాయిబు. "సర్కారు కాగితం వచ్చినాదంట. జీతాలన్నీ రద్దంట. తీసుకున్న దుడ్లు గూడా తిరిగి ఇయ్యే పన్లేదంట."

"ఎవురు జెప్పిరి సాయిబన్నా?"

"కొత్తచెరువు సంతలో అనుకుంటాండ్రి. ఢిల్లీ నుంచి వచ్చినాదంట. పెద్ద రైతులంతా ఒకటై పెట్టెలో పెట్టి బీగమేసినారంట."

"నువ్వు జూస్తివా?"

"నేను దూది జూసేవాణ్ణి. కాగితాలు యాడ జూస్తా?" సాయిబు విల్లు టంగుమని మీటాడు. "రామగిరిలో ఒకాయప్ప మాత్రం జూసినోణ్ణి జూసినానన్నాడు. బంగారు అక్షరాలంట."

"బంగారు గనులూరోళ్ళు గదా సాయిబన్నా. వాళ్ళకు రాగిచెంబు గూడా బంగారమే కనపడ్తాది" అన్నాడు జీతగాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వు అయిపోయాక అతను, "పెట్టె ఎవురింట్లో ఉండాదంట?" అని అడిగాడు.

మాట తోట నుంచి తోటకు ఎలా నడుస్తుందో వారం రోజులు పాఠం చెప్పే మనిషిని నేను. అది నా వాకిట్లోనే నడుస్తుంటే నా చేతిలో పెన్ను ఆగింది. అంతకు మించి ఏమీ జరగలేదు.

బంగారు అక్షరాలు అబద్ధం, పెట్టె అబద్ధం. కాగితం మాత్రం నిజం. నేను నిక్కరు వేసుకునే రోజుల్లోనే అటువంటి చట్టం వచ్చింది. వెట్టిచాకిరీ రద్దు, దాని కింద ఉన్న అప్పు కూడా రద్దు. పోటీ పరీక్షలకు చదివేటప్పుడు దాని సంవత్సరం బట్టీ పట్టాను. ఆ దీవుల్లో లేని కాగితం కోసం మనుషులు చచ్చిపోయారని గొంతు మార్చి చెప్పేవాడికి, ఇక్కడ ఉన్న కాగితం గురించి ఎవరికైనా చెప్పాలన్న ఆలోచన అన్నేళ్ళలో ఒక్కసారీ రాలేదు.

రెండు రోజుల తర్వాత అతను నా దగ్గరికి వచ్చాడు. మధ్యాహ్నం నేను పురుగుల కొట్టంలో ఉన్నాను. పురుగులు నాలుగో జ్వరం నుంచి లేచి రెండు రోజులైంది. పొర విడిచేటప్పుడు అవి తినకుండా పడి ఉంటాయి, దాన్ని మేము జ్వరమంటాం. నాలుగో జ్వరం తర్వాత వారం రోజులు ఎంత ఆకు వేసినా చాలదు. అతను మోపు దించి, తలకు చుట్టుకున్న గుడ్డ విప్పి చేతిలో పట్టుకున్నాడు.

"చిన్నసామీ, నిన్నొకటి అడగల్ల."

"అడుగు."

"జీతాలు రద్దని కాగితముండాదంట, నిజమేనా? నువ్వు సదివినోనివి. నువ్వుండాదంటే నేను పెనుకొండ సర్కారు ఆఫీసుకు పోతా. పోయి, మా చిన్నసామే జెప్పినాడు అని..."

"అట్లాంటిదేం లేదు" అన్నాను. అతని మాట ఇంకా పూర్తి కాలేదు. "వట్టి పుకారు. ఆ సాయిబు మాటలు నమ్ముకుంటే నీకు దూది గూడా మిగలదు."

అతను నా వైపు చూశాడు. కోపంగా కాదు. పురుగులు గూడు కట్టేంతగా పండాయా లేదా అని తట్ట మీదికి వంగి చూసేటప్పుడు ఎలా చూస్తాడో అలా. "సరే సామీ" అని మోపు విప్పి ఆకు పరచడం మొదలుపెట్టాడు. నేనూ పక్కన నిలబడి పరిచాను. నాకు గుర్తున్నంతలో మా కొట్టంలో నేను ఆకు పరిచింది ఆ ఒక్కరోజే.

లేదని ఎందుకు చెప్పానని నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. మా నాయనంటే భయం అని మొదట్లో జవాబు చెప్పుకునేవాణ్ణి. భయం ఉండేది, నిజమే. ఆ క్షణంలో మాత్రం నా తలలో మెదిలింది మా నాయన కాదు. ఈ వారంలో ఇతను పోతే ఆకు ఎవరు కోస్తారు, నేను కాలేజీకి సెలవు పెట్టాల్సి వస్తుందే అన్నది. 'మా చిన్నసామే జెప్పినాడు' అన్న మాట రెండోది. నా పేరు ఒక ఆఫీసులో, మా నాయనకు ఎదురుగా నిలబడుతుందే అని.

ఉగాది వచ్చింది. మా నాయన మరో ఏడాదికని పంచె, కంబళి ఇచ్చాడు. అతను తీసుకున్నాడు. ఇంకొక ఉగాది వచ్చింది. ధర్మవరంలో ఖాళీగా ఉన్న మగ్గం మీద వేరే ఎవరో కూర్చున్నారని కబురొచ్చింది. మొదట్లో రెండు నెలలకొకసారి అతనికి ఒక రోజు దొరికేది, పెనుకొండలో రైలెక్కి పోయి చూసి వచ్చేవాడు. తర్వాత అదీ తగ్గింది. ఒకసారి పోయి అదే రోజు మధ్యాహ్నానికే తిరిగొచ్చాడు. ఏమబ్బా, అప్పుడే వచ్చేస్తివే అని మా అమ్మ అడిగితే, "పాప సరింగా మాట్లాడలేదమ్మా" అన్నాడు. "రావల్లని ఉంటే ఈ పొద్దుకే వచ్చింటావు అంటాది. ఇంతుండాది, మాట మాత్రం అత్త మాదిరి ఆడ్తాది."

ఆ మాట అరుగు మీదున్న నాకు వినిపించింది. అప్పటికైనా చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు.

అతన్ని విడిపించింది చట్టం కాదు, నేనూ కాదు. బోరు ఎండిపోయింది. ఇంకా రెండు చోట్ల వేయించాం, దుమ్ము లేచింది. మల్బరీ ఎండి కట్టెలైంది, వేర్లతో సహా పెరికించేశాం. "తోటే లేదు, ఇంగ జీతగాడేంటికి? వానికి పెట్టే బువ్వ దండగ" అన్నాడు మా నాయన. అతను మూట కట్టుకుని ధర్మవరం పాసింజరు ఎక్కేసరికి నేను హిందూపురంలో తరగతిలో ఉన్నాను.

తర్వాత ఏడెనిమిదేళ్ళు గడిచాయి. మా నాయన పోయాడు. నేను అదే కాలేజీలో అదే పాఠం చెబుతూనే ఉన్నాను. ఒకనాడు రాజుగారి కాగితం దగ్గరికి వచ్చేసరికి ముందు వరసలోని ఒక అమ్మాయి చెయ్యెత్తింది. ఎప్పుడూ మాట్లాడే పిల్ల కాదు.

"సార్, ఆ దొరల ఇండ్లల్లో సదువుకున్నోళ్ళు ఉంటారు గదా. కాగితం ఉండాదో లేదో వాళ్ళకు తెలుస్తాది గదా. వాళ్ళెవురూ చెప్పలేదా సార్?"

పుస్తకాల్లో దీనికి జవాబులున్నాయి, నేను చదివాను కూడా. అయినా రేపు చెబుతానన్నాను. ఆ ఆదివారం ధర్మవరం బస్సెక్కాను.

వెతకడం కష్టం కాలేదు. నేతవీధిలో మా ఊరి పేరు చెబితే ఇల్లు చూపించారు. అతను గుంటమగ్గంలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. జుట్టు సగం నెరిసింది. మునుపటి ఇల్లు కాదు, కూలికి నేసే ఇంకొక ఇల్లు. వీధి పంచన ఒక అమ్మాయి రాట్నం తిప్పుతూ కండెలు చుడుతోంది.

"ఏమి చిన్నసామీ, ఇంత దూరం! చీర కావల్నా?"

"చీరకు గాదు."

"పెద్దసామి బాగుండాడా?"

"పోయి ఏడాదాయ."

అతని చేతిలో పోగు నడిపే నాడె ఆగింది. "బాగా తిడ్తాండె" అన్నాడు. తిట్టినవాడి మీద కోపం ఆ గొంతులో లేదు, జాలీ లేదు. మళ్ళీ నాడె విసిరాడు.

నేను గోడవార కూర్చుని చెప్పాను. "నువ్వొకసారి కాగితం గురించి అడిగితివే. అది ఉన్నింది. నాకు తెలుసు. తెలిసే లేదంటి."

నాడె అటు పోయింది, ఇటు వచ్చింది. "తెలుసు సామీ" అన్నాడు.

"ఎవరు చెప్పిరి?"

"నువ్వే."

అతను మగ్గం మీద పోగు సర్దుకున్నాడు.

"నిన్నేదడిగినా రొంచేపు పైకి జూసి, పుస్తకం మాదిరి జెప్తావు. వానొస్తాదా అంటే గూడా అంతే. ఆ పొద్దు నా నోట్లో మాట నోట్లో ఉండంగానే లేదంటివి. లేనిదానికి అంత తొందర ఏంటికి? అప్పుడే అనుకుంటి, ఉండాదిలే అని."

"మరి పోకపోతివే?"

"పోయి ఎవురు జెప్పినారనేది? సాయిబు జెప్పినాడనా? దూదోని మాట మీద నాకు కుర్చీ ఏస్తారా ఆడ? నీ మాట పట్టుకోని పోదామనుకుంటి. అది దొరకకపాయె."

తప్పు చేశానని చెప్పాను. క్షమించమని అడగడానికి వచ్చానన్నాను. ఆ మాటలు దారి పొడవునా సిద్ధం చేసుకున్నవి కాబట్టి బాగానే వచ్చాయి. అతను దారం తెగినచోట ముడివేస్తూ విన్నాడు.

"నాకెందుకు జెప్తావు సామీ, నాకు తెలిసిందే గదా" అన్నాడు. "మా పాపకు తెలీదు. నేను రావల్లని లేక రాలేదనుకుంటాది. నేను జెప్తే, తప్పు జేసినోడు జెప్పే మాట మాదిరుంటాది. ఒకింట్లోనే ఉంటాము, బువ్వ పెడ్తాది, నన్ను పిలిచేది మాత్రం లేదు. నువ్వు జెప్పు."

నేను లేచి పంచలోకి వచ్చాను. ఆ అమ్మాయి తలెత్తకుండానే, "చీరయితే రేటు మా యమ్మ జెప్తాది. ఆయప్పకు తెలీదు" అంది.

చీర కోసం కాదని, మీ నాయన జీతమున్న ఇల్లు మాదేనని చెప్పాను. రాట్నం తిరుగుతూనే ఉంది. అప్పట్లో ఒక చట్టం ఉండేదని, అది ఏ పరిస్థితుల్లో వచ్చిందంటే అని మొదలుపెట్టాను.

"కతలొద్దు. నువ్వేం జేస్తివో అది జెప్పు."

"మీ నాయన ఈడికి రావల్లని నన్ను అడిగె. పోవచ్చు అని కాగితముండాది. ఉండాదని నేను జెప్పింటే వచ్చేసుండును. లేదంటి. అట్ల రెండేండ్లు నిలిచిపాయ."

"ఏంటికి లేదంటివి?"

మా నాయనంటే భయం అనే జవాబు నాలుక చివర ఉంది. లోపల మగ్గం చప్పుడు ఆగి ఉంది.

"పురుగులకు ఆకు కోసేవాళ్ళు లేరని" అన్నాను.

"ఆకుకా?"

"ఆకుకే."

రాట్నం ఆగింది. ఆమె అప్పుడు మొదటిసారి నా మొహం చూసింది. ఏడుస్తుందేమో, తిడుతుందేమో అనుకున్నాను. ఆమె రాట్నం పక్కనున్న పీట కాలితో నా వైపుకు తోసింది.

"మా యమ్మ నీళ్ళకు పోయింది. నేననుకున్నట్లే ఆమె గూడా అనుకుంటాది. కూసో. ఆమె వచ్చినాంక ఆమెకు గూడా జెప్పల్ల. ఇట్లనే జెప్పల్ల. ఆకుకని గూడా జెప్పల్ల."

నేను కూర్చున్నాను. ఆమె మళ్ళీ రాట్నం తిప్పుకుంది. లోపలి నుంచి నాడె చప్పుడు ఇంకా మొదలుకాలేదు. కొంతసేపటికి వీధి మలుపులో రెండు బిందెలతో ఒక ఆడమనిషి కనిపించింది. నేను పీట మీద నుంచి లేచి నిలబడ్డాను.